కొట్టు పుట్టిన తేదీ

పద్నాలుగో భాగం

"లైసెన్సు పంపారా? కొట్టు లైసెన్సా?"

సూదమ్మ గొంతు ఆ ఇంట్లో ఎన్నడూ అంత పైకి లేవలేదు. వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు చాకు పక్కన పెట్టి, కాస్త బాగా వినపడే కుడిచెవిని ఇటు తిప్పింది.

"పుట్టినతేదీకి రుజువు పంపమన్నారు. పంపాను," అన్నాడు ఆమె భర్త, సైకిళ్ళాయన. చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. గ్రీజు పోయి చాలాసేపయింది.

"ఎవరి పుట్టినతేదీకండీ?"

"మెయిలు కొట్టుది. అందులో నింపింది కొట్టు తెరిచిన తేదీ. మరి దానికి రుజువు లైసెన్సు కాక ఇంకేముంటుంది?"

ఆమె బల్ల మీద ఉన్న ఫోను తీసుకుని, పొద్దున వచ్చిన జవాబు మళ్ళీ చదివింది. 'మీరు పంపినది వ్యక్తి గుర్తింపు పత్రం కాదు. ఖాతా మూసే ఉంటుంది.' ఎన్నిసార్లు చదివినా అందులో మాట మారలేదు.

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడం కష్టం. వచ్చిన చిక్కల్లా అదే. మెట్ల కింద ఉన్న ఆ సైకిళ్ళ కొట్టు ఆయనకు పెద్దబిడ్డ. తెరిచి పదేళ్ళయింది. ఇంట్లో బిడ్డలు లేని లోటు ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు గానీ, ఏటా కొట్టు తెరిచిన రోజున షట్టరుకు తనే దగ్గరుండి రంగు వేసేవాడు. పోయిన నెల మెయిలు కంపెనీవాళ్ళు 'మీ పుట్టినతేదీ నింపండి' అని అడిగితే, ఖాతా కొట్టు పేరు మీద ఉంది గనక ఆ తేదీనే నింపాడు. నింపి మురిసిపోయాడు కూడా.

కంపెనీవాళ్ళ యంత్రానికి ఆ మురిపెం తలకెక్కలేదు. ఈ ఖాతాదారుకు నిండా పదేళ్ళు, ఇంత చిన్నపిల్లలకు ఇక్కడ చోటు లేదు అని తేల్చి, పోయిన గురువారం సాయంత్రం తలుపు మూసేసింది.

మూస్తే మూసింది, ఇంకోటి తెరుచుకుందాం అనుకోవడానికి లేదు. అదే గురువారం పొద్దున ఆ మెయిలుకు దత్తత సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ళు ఎదురుచూసిన ఉత్తరం. పాపకు మూడేళ్ళు. ఫోటోలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది, కుడికాలి మేజోడు మడమ దాకా జారిపోయి ఉంది. 'మీ అంగీకారం వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోగా ఈ మెయిలు నుంచే తెలపాలి. లేనిపక్షంలో వరుసలో తరువాతి కుటుంబాన్ని అడుగుతాము.'

అప్పటికప్పుడు సరేనని రెండు ముక్కలు రాసి పారేస్తే సరిపోయేది. కానీ నాలుగేళ్ళ ఎదురుచూపుకి రెండు ముక్కలేమిటి, సాయంత్రం అందరం కూర్చుని మంచి మాటలు వెతుక్కుని రాద్దాం అనుకున్నారు. సాయంత్రానికి ఖాతా లేదు.

ఈ రోజు బుధవారం. మధ్యాహ్నం పన్నెండున్నర.

"ఎన్నిసార్లు పంపొచ్చట?" వంటగదిలోంచి అడిగింది అత్తగారు.

"ఇంకొక్కసారి," అంది సూదమ్మ. "అదీ తప్పితే ఇక తెరవరట, అత్తయ్యా."

ఉల్లిపాయలు తరిగే చప్పుడు మళ్ళీ మొదలవలేదు.

*

సరిగ్గా భోజనాల వేళకు మరిది వచ్చాడు. ఫోను కవర్లు, చార్జర్లు అమ్మే షాపులో పని చేస్తాడు. ఫోను కవరు తొడగడం వస్తే ఫోను లోపలి సంగతులన్నీ వచ్చినట్టేనని అతని నమ్మకం. కన్నతల్లే అతనికి సర్వజ్ఞుడని పేరు పెట్టింది. మనసు మాత్రం వెన్న. అన్నకూ వదినకూ ఏదైనా చెయ్యాలని ఆరు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"అన్నయ్యా, మనిషి దొరికాడు! ఇలాంటివి రోజుకు పది తెరుస్తాడట. లైన్లో ఉన్నాడు, ఇదిగో," అంటూ ఫోను బల్ల మీద పెట్టి గొంతు అందరికీ వినపడేలా చేశాడు.

సూదమ్మ పెరటివైపు గిన్నెలు కడుగుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"నమస్తే సార్," అంది ఫోను. మర్యాద ఉట్టిపడే గొంతు. "మీరేం కంగారు పడకండి. అరగంటలో మీ మెయిలు మీ చేతిలో ఉంటుంది. ఇప్పుడు మీ ఫోనుకి ఆరంకెలు వస్తాయి. అవి చదివి వినిపించండి చాలు. తర్వాత మీ గుర్తింపు కార్డు రెండువైపులా ఫోటో తీసి నాకు పంపండి. మిగతాదంతా నేను చూసుకుంటాను."

సైకిళ్ళాయన ఫోను టింగుమంది. అంకెలు వచ్చాయి.

"డబ్బు ఎంతవుతుంది?" అడిగాడాయన.

"అబ్బే, ముందు పని కానివ్వండి సార్."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం అయిదు ఆయన నెత్తి మీద కూర్చుని ఉంది. లైసెన్సు పంపి పాడు చేసింది తనే. ఇప్పుడు బాగు చేసేదీ తనే కావాలి.

"నాలుగు," అన్నాడు. "సున్నా. ఏడు..."

తడిచెయ్యి ఒకటి ఆయన భుజం మీంచి వచ్చి ఫోను లాక్కుంది. ఇంకో తడిచెయ్యి బల్ల మీది ఫోను నొక్కి ఆ మర్యాద గొంతు నొక్కేసింది.

"వదినా! ఇంకో మూడంకెలు! అయిపోయేది!"

"అవును. అయిపోయేది," అంది సూదమ్మ. ఊపిరి అందడం లేదు ఆమెకు. "దీని కిందేం రాసుందో చదివారా? 'ఈ అంకెలు ఎవరికీ చెప్పకండి, మా ఉద్యోగులు కూడా అడగరు' అని రాసుంది. ఎవరతను?"

"నెట్లో దొరికాడు. చాలామందివి తెరిపించాడు."

"ఎవరు చెప్పారు?"

మరిది కాస్త నసిగాడు. "ఆయనే."

"ఆహా," అంది అత్తగారు వంటగది గుమ్మంలోంచి. "సాక్ష్యం గట్టిదే."

సైకిళ్ళాయన కుర్చీలోంచి లేచాడు. ఆయనకు కోపం వస్తే అరవడు. గొంతు ఇంకా తగ్గుతుంది. తెలిసినవాళ్ళకు అది అరుపు కన్నా హడలు.

"అరగంటలో తెరుస్తానన్నాడు. నువ్వు కట్ చేశావు. నీకు పాప కావాలా, రూల్సు కావాలా?"

మరిది నేల చూపులు చూశాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు సైకిళ్ళాయన తన చేతికేసి, చేతిలోని గ్రీజుగుడ్డకేసి చూసుకున్నాడు.

సూదమ్మ ఏడవలేదు. చేతులు చీరకు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఆ మెయిల్లో మన కాగితాలన్నీ ఉన్నాయి. మన పెళ్ళి కాగితం, నా వైద్యం కాగితాలు, ఇంటి కాగితాలు. అవి పోతే పోనీండి. పాప ఫోటో కూడా అందులోనే ఉంది. ముక్కూమొహం తెలియనివాడి చేతికి ఆ ఫోటో ఇవ్వమంటారా? మన పేరుతో వాడు ఆ సంస్థకి ఏం రాసినా, మనం రాసినట్టే. వద్దని రాస్తే?"

ఆయన ఇనుపమెట్లు ఒక్కొక్కటే చప్పుడు చేసుకుంటూ దిగి కొట్లోకి వెళ్ళిపోయాడు. వడ్డించిన కంచం అలాగే ఉండిపోయింది.

"తిని వెళ్ళరా," అని తల్లి పిలిచింది. పిలిచి, ఆ కంచం మీద ఇంకో కంచం బోర్లించింది.

*

అదే మెట్ల మీద, సగంలో, సూదమ్మ కూర్చుంది. కింద భర్త ట్యూబు పంక్చరు వెతుకుతున్నాడు. గాలి కొట్టిన ట్యూబుని నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తున్నాడు. ఆమె ఉన్నట్టు ఆయనకు తెలుసు. తలెత్తలేదు.

ఆమె దత్తత సంస్థకు ఫోను చేసింది. ఇది నాలుగోసారి. ఎప్పుడూ ఎత్తేది ఒకే ఆవిడ.

"అమ్మా, చెప్పాను కదా," అంది ఆవిడ. "ఫోన్లో మెయిలు మార్చడానికి లేదు. ఫోన్లో అంగీకారం తీసుకోవడానికీ లేదు."

"మీరు మా ఇంటికి రెండుసార్లు వచ్చారు మేడమ్! మా అత్తయ్య టీ ఇస్తే చక్కెర ఎక్కువైందన్నారు. మీకు గుర్తు లేదా?"

"గుర్తుంది."

"మరి నేనెవరో మీకు తెలుసు కదా!"

"మీ ఇంట్లో నాకు టీలో చక్కెర ఎక్కువ వేసినావిడ కోడలు తెలుసు. ఈ ఫోన్లో మాట్లాడేది ఆవిడేనని నాకెలా తెలుస్తుంది?"

"నా గొంతు..."

"గొంతు సాక్ష్యానికి పనికిరాదమ్మా. ఆఫీసుకొచ్చి కాగితాల మీద మార్చుకోవచ్చు. దానికి పది పనిదినాలు పడుతుంది. మీకు శుక్రవారం గడువు. నేనేం చెయ్యను చెప్పండి."

అప్పుడు సూదమ్మ తన జన్మలో ఎవరినీ అననన్ని మాటలు ఆవిడను అంది. మీకు పిల్లలున్నారా అంది. మీరు మనుషులా, రాళ్ళా అంది. నాలుగేళ్ళ నా ఎదురుచూపు మీకు ఒక కాగితం ముక్కా అంది. కింద నీళ్ళతొట్టిలో చప్పుడు ఆగిపోయింది.

అవతల ఆవిడ అన్నీ విన్నది. సూదమ్మ ఆగాక, కోపం లేకుండా అంది.

"నేను మీ మాట నమ్మి మార్చాననుకోండి. రేపు ఇంకెవరో ఇలాగే ఏడుస్తూ ఫోను చేస్తే వాళ్ళ మాటా నమ్మాలి. వాళ్ళెవరో, ఎందుకు అడుగుతున్నారో నాకు తెలియదు. ఆ పాప వివరాలు నా దగ్గరున్నాయి. ఆ పాపకు తన తరపున అడ్డం నిలబడేవాళ్ళు ప్రస్తుతానికి ఎవరూ లేరు, నేను తప్ప. ఒకవేళ ఆ పాప మీ ఇంటికే వస్తే, నేనివాళ ఇలా ఉన్నందుకు మీరే సంతోషిస్తారు."

ఫోను పెట్టేశాక కూడా సూదమ్మ దాన్ని చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది.

ఆమె పని రక్తం తీయడం. పొద్దున ఆరింటికి పరీక్షల కేంద్రంలో కూర్చుంటే పదకొండు దాకా చేతులు చాపుతూ జనం వస్తూనే ఉంటారు. అందరూ సూదమ్మ అనే పిలుస్తారు. ఏడేళ్ళ క్రితం ఒకనాడు ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. "ఫలానా మీరేనా?" అని అడిగితే ఒకామె తలూపింది. రెండు సీసాలు తారుమారయ్యాయి. లేని జబ్బు ఉందని విని ఒకామె మూడు రోజులు అన్నం మానేసి ఏడ్చింది. తప్పు బయటపడి, పెద్ద ముప్పేమీ జరగలేదు. కానీ ఆ మూడు రోజుల ఏడుపు సూదమ్మ ఇప్పటికీ మరచిపోలేదు.

అప్పటినుంచి ఆమె ఎవరినీ "మీరేనా" అని అడగదు. "మీ పేరు చెప్పండి, పుట్టినతేదీ చెప్పండి" అంటుంది. తెలిసినవాళ్ళనైనా సరే. అత్తగారు చక్కెర పరీక్షకొచ్చినా అంతే. "రోజూ నాతో పోట్లాడేదానివి, నేనెవరో తెలీదుటే?" అని అత్తగారు కేంద్రమంతా వినపడేలా అరిచింది. "తెలుసు అత్తయ్యా. అయినా చెప్పండి" అంది. చెప్పాకే గుచ్చింది.

తన దగ్గరకొచ్చేవాళ్ళలో కూడా విసుక్కునేవాళ్ళుంటారు. రాయివా అన్నవాళ్ళూ ఉన్నారు. తను ఎందుకు అడుగుతుందో తనకు తెలుసు. ఇప్పుడు ఫోన్లో ఆవిడ ఎందుకు వినలేదో కూడా తనకన్నా బాగా తెలియాల్సినవాళ్ళు ఎవరూ లేరు.

ఫోటోలో తప్ప చూడని పాప ఎక్కడో ఉంది. ఆ పాపకు, ఆ పాప గురించి అడిగే ప్రతి గొంతుకూ మధ్య ఒక మొండిమనిషి కూర్చుని ఉంది. సూదమ్మకు ఆ మెట్ల మీద కళ్ళనీళ్ళు వచ్చాయి. కోపంతో కాదు. నాలుగేళ్ళలో ఆ ఆఫీసు మీద ఆమెకు మొదటిసారి కృతజ్ఞత కలిగింది. మళ్ళీ ఫోను చేసి క్షమించమందామనుకుంది. ఆవిడ ఎత్తి "ఎవరు మాట్లాడేది?" అంటుందని గుర్తొచ్చి, ఏడుపులోనే నవ్వొచ్చింది.

*

కొట్లో మూలనున్న కంప్యూటరు మీటల మీద పదేళ్ళ గ్రీజు ఉంది. సూదమ్మ దాని ముందు కూర్చుంది.

"ఇక్కడినుంచే పంపాలి," అంది, ట్యూబుకేసి చూస్తున్న భర్త వీపుతో. "మనం రోజూ ఆ మెయిలు తెరిచేది దీంట్లోనే కదా. వాళ్ళు దీన్ని గుర్తుపడతారట. వాళ్ళ సహాయం పేజీలో రాసుంది. మీ తమ్ముడు తన షాపులోంచి పాస్‌వర్డు ఊహించి ఊహించి కొట్టడం వల్ల వాళ్ళకింకా అనుమానం పెరిగి ఉంటుంది."

ఆయన ట్యూబుని మళ్ళీ నీళ్ళలో ముంచాడు.

"ఆ ఫోనువాడు మీ తమ్ముడికి పంపిన లింకు నొక్కట్లేదు. కంపెనీ అడ్రసు నేనే అక్షరం అక్షరం కొడుతున్నాను."

ఆయన లేచొచ్చాడు. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. కార్డు మీద ఆయన వయసు నలభైమూడు. ఫోటోలో జుట్టు ఎక్కువ.

"పేరు, ఫోటో, పుట్టినతేదీ కనపడితే చాలట. కార్డు నంబరు మూసెయ్యొచ్చు అంటున్నారు," అంది.

ఆయన చుట్టూ చూసి, పంక్చరుకు అతికించే రబ్బరుముక్క ఒకటి కత్తిరించి నంబరు మీద సరిగ్గా అమర్చాడు. కార్డుని గుమ్మం దగ్గర వెలుతురులో ఒక సైకిలు సీటు మీద పెట్టి ఫోటో తీశాడు. మొదటిది కదిలింది. రెండోదానికి ఊపిరి బిగబట్టాడు.

కింద ఒక ఖాళీ గడి ఉంది. 'తేదీ తప్పుగా ఎందుకు ఇచ్చారో మీ మాటల్లో రాయండి.'

"నువ్వు రాయి. నీకు బాగా వచ్చు," అన్నాడు.

"ఇచ్చింది మీరు. మీరే రాయాలి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. పావుగంట పట్టింది. ఆమె మధ్యలో చూడలేదు. ఆయన చెయ్యి తీశాకే చదివింది.

'ఇది నా సైకిళ్ళ కొట్టు మెయిలు. తేదీ అడిగితే కొట్టు తెరిచిన తేదీ ఇచ్చాను. మాకు పిల్లలు లేరు. పదేళ్ళుగా కొట్టునే బిడ్డ అనుకున్నాను. అబద్ధం చెప్పాలని కాదు. తర్వాత రుజువు అడిగితే లైసెన్సు పంపాను, అదీ తెలియకే. నా అసలు పుట్టినతేదీ కార్డు మీద ఉంది. శుక్రవారం సాయంత్రం అయిదులోగా ఈ మెయిలు నుంచి ఒక జవాబు రాయాలి. మా ఇంటికి ఒక పాప రావలసి ఉంది.'

సూదమ్మకు అక్షరాలు మసకబారాయి. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన ఆమెతో కూడా చెప్పలేదు. ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియని గుమాస్తాకు చెప్పాడు.

"ఇందాక అలా అనకుండా ఉండాల్సింది," అన్నాడు, కంప్యూటరుకేసి చూస్తూనే.

"పంపండి ముందు," అంది ఆమె. లేస్తూ, "కంచం మూసిపెట్టారు అత్తయ్య. చల్లారిపోయుంటుంది," అంది.

అది క్షమించినట్టని ఆయనకు తెలుసు. పంపాడు.

*

గురువారం ఏ జవాబూ రాలేదు.

ఆ రోజు మరిది పని నుంచి తొందరగా వచ్చి, సలహా ఒక్కటీ ఇవ్వకుండా గోడకానుకుని కూర్చున్నాడు. అది చూసి తల్లికి భయమేసింది. నుదురు పట్టి చూసింది.

"జ్వరం లేదే. ఏమైందిరా?"

"నిన్న ఆ మనిషి మళ్ళీ చేశాడమ్మా. మిగతా మూడంకెలు ఇవ్వమని. ఇవ్వనంటే బూతులు తిట్టాడు." అతను వదినకేసి చూశాడు. "నువ్వు రాకపోతే అన్నయ్య చదివేసేవాడు. నేనే చదివించేవాణ్ణి. నీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు వదినా."

"చెప్పావుగా," అంది సూదమ్మ. "మంచిపని చేద్దామనే తెచ్చావు. నాకు తెలియదా?"

శుక్రవారం ఆమె పొద్దున ఆరునుంచి పదకొండు వరకు నలభైరెండు చేతులు చూసింది. నలభైరెండుసార్లు పేరూ తేదీ అడిగింది. ఇంటికొచ్చాక కూర్చోలేక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఒంటిగంట. రెండు. మూడు.

మూడూ ఇరవైకి కింద కొట్లోంచి ఒక కేక వచ్చింది. ఆ గొంతు అంత పెద్దదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ రోజు పనికి వెళ్ళని మరిదితో సహా ముగ్గురూ మెట్లు ఎలా దిగారో వాళ్ళకే తెలియదు. అత్తగారు మోకాళ్ళ నొప్పి సంగతి ఆఖరి మెట్టు మీద గుర్తు తెచ్చుకుంది. సైకిళ్ళాయన కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. వేలితో చూపించాడు.

'మీ వివరాలు సరిచూశాము. ఖాతా తెరిచాము. పుట్టినతేదీ సరిచేశాము. పాస్‌వర్డు వెంటనే మార్చుకోండి. మీ కొట్టుకు పదేళ్ళు నిండినందుకు అభినందనలు. మీ ఇంటికి రాబోయే పాపకు మా శుభాకాంక్షలు.'

"ఇది యంత్రం రాసింది కాదు," అన్నాడు మరిది మెల్లిగా.

"ఎవరో చదివారు," అంది సూదమ్మ. "ఎవరో కూర్చుని మొత్తం చదివారు."

ఆ ఎవరో మగవాడో ఆడమనిషో, ఏ దేశంలో ఏ బల్ల ముందు కూర్చున్నారో వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. అత్తగారు కంప్యూటరు తెర మీద చెయ్యి వేసి నిమిరి, "నువ్వెవరివైనా సరే, చల్లగా ఉండు నాయనా," అంది. సైకిళ్ళాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. తల్లి, తమ్ముడు ఎదురుగా ఉండగా ఆయన అలా పట్టుకోవడం ఇదే మొదలు. వదలడం ఎలాగో తెలియనట్టు పట్టుకునే ఉన్నాడు.

"నువ్వాపావు," అన్నాడు. "నువ్వు ఆపబట్టి..."

"మీరు నిజం రాశారు," అంది ఆమె.

పాస్‌వర్డు మార్చేటప్పుడు మరిది ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి, గోడకున్న టైర్లు లెక్కపెడుతూ నిలబడ్డాడు.

మెయిలు తెరుచుకుంది. దత్తత సంస్థ ఉత్తరం అక్కడే ఉంది. జారిపోయిన మేజోడుతో పాప అక్కడే ఉంది. అత్తగారు కళ్ళద్దాలు అడిగి తీసుకుని, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది.

"చూడవే, పెంకిగా చూస్తోంది. మన ఇంటికి సరిపోతుంది."

అందరూ నవ్వారు. ఎనిమిది రోజుల నవ్వు ఒక్కసారే వచ్చింది. సూదమ్మ నవ్వుతూనే జవాబు రాయడానికి కుర్చీలో కూర్చుంది. అప్పుడు చూసింది.

ఆ సంస్థ నుంచి ఇంకో ఉత్తరం ఉంది. ఎవరూ తెరవనిది. సోమవారం నాటిది.

"చదువు," అన్నాడు భర్త.

ఆమె పైకి చదివింది. "'పోయిన వారం అందిన సమాచారం ప్రకారం ఈ పాపకు ఎనిమిదేళ్ళ అక్క ఉన్నట్టు తెలిసింది. అక్క వేరే చోట ఆశ్రమంలో పెరుగుతోంది. ఇద్దరినీ ఒకే ఇంటికి పంపాలని నిర్ణయించాము. మీరు ఒక్కరి కోసమే దరఖాస్తు చేసినందున ఇద్దరికీ ఒప్పుకోవాలన్న నిర్బంధం ఏమీ లేదు. వద్దనుకుంటే ఎవరూ తప్పుపట్టరు. గడువులో మార్పు లేదు. జవాబు రాకపోతే...'"

ఆమె ఆగింది.

"రాకపోతే?" అంది అత్తగారు.

"'జవాబు రాకపోతే, మీరు కాదన్నట్టుగా భావిస్తాము.'"

బయట ఎవరో గాలి కొట్టించుకుందామని వచ్చి, లోపలి మొహాలు చూసి వెళ్ళిపోయారు.

ఈ ఖాతా మూసే ఉంటే, అనుకుంది సూదమ్మ. ఇంకో గంటన్నర గడిచేది. ఎక్కడో ఒక ఎనిమిదేళ్ళ పిల్లకు, మీ ఇద్దర్నీ ఒక ఇంటివాళ్ళు వద్దన్నారు అని చెప్పేవాళ్ళు. తామేమో ఒక్క పాప పోయిందని ఏడుస్తూ ఉండేవాళ్ళు. అడిగిన సంగతే తెలియకుండా కాదన్నవాళ్ళయ్యేవాళ్ళు. ఔనో కాదో, ఆ మాట తమ నోటితో చెప్పే అవకాశమైనా తమకు దక్కింది. దక్కించినవాళ్ళందరినీ ఆమె మనసులో ఒక్కొక్కరినే తలుచుకుంది. వాళ్ళలో మాట వినని ఆ మేడమ్ కూడా ఉంది.

"రెండు గదులు," అంది అత్తగారు. వెంటనే నాలుక కరుచుకుంది. "నన్నడక్కండి. నేనేమన్నా రేపు అత్త అలా అందంటారు. మీ ఇద్దరిదీ ఈ మాట."

మరిది మళ్ళీ టైర్లవైపు తిరిగాడు.

సైకిళ్ళాయన కొట్టు గుమ్మం దాకా నడిచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. "ఎనిమిదేళ్ళంటే అన్నీ తెలిసే వయసు," అన్నాడు. "మనం ఒప్పుకుంటే సరిపోతుందా? ఆ పిల్ల మనల్ని ఒప్పుకోవాలి కదా."

"మీరేమంటారు?"

"నువ్వు చెప్పు ముందు."

"నేను చెబితే మీరు దానికి తల ఊపుతారు. ఈసారి అలా వద్దు. మీ మాట నాకు కావాలి."

ఆయన షట్టరు మీది రంగుని వేలితో తడిమాడు.

గోడ గడియారంలో నాలుగూ అయిదయింది. సూదమ్మ జవాబు గడిలో 'మేము' అని కొట్టింది. అక్కడ ఆగి, మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పాదంతో స్టూలును తన పక్కకు లాగి, ఆయన వచ్చి కూర్చునేదాకా ఇంకో అక్షరం కొట్టకూడదని నిర్ణయించుకుంది.

ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.